రెండో మెట్టు మీద బకెట్

ఉదయం ఎనిమిదింపావుకి కొమురమ్మ, కొలను అడుగు ఊడ్చే నేలపాకుడిని నీళ్లలోంచి పైకి లాగింది. దాని కడుపు విప్పి సంచి దులిపితే గుప్పెడు ఆకులు, నాలుగు చచ్చిన తేనెటీగలు, ఒక బంగారు చెవిపోగు రాలాయి. చెవిపోగును గట్టు మీద కనిపించేలా పెట్టి, సంచిని కడిగి మళ్లీ బిగించింది. గోడ పలకలోంచి, ఊరికి నీళ్లు పంచే యంత్రం పాలిక గొంతు అప్పటికే మొదలైంది.

"తొంభై ఏడో ఇంటికొలను. నిన్నటి తరుగు ముప్పై మిల్లీమీటర్లు. కారణం ఆవిరి. పూరణ పద్దెనిమిది వందల లీటర్లు. వేలిముద్ర వేయండి."

ఏడు నెలలుగా రోజూ ఆ మాటకి ఆమె బొటనవేలు ఆనిస్తూనే ఉంది. ఈరోజు వేలు పలక దాకా వెళ్లి ఆగింది.

ఎందుకు ఆగదు? పొద్దున బయలుదేరేటప్పుడు ఇంట్లో నల్లా మీది అంకె తొమ్మిదికి దిగింది. ఏడు నెలల కిందట అది పద్నాలుగు. గుట్ట మీది ఇళ్ల కొలనుల్లో ఆవిరి పెరిగినందున బండకింది బస్తీకి ధార గడువు తొమ్మిది నిమిషాలని పాలిక చల్లగా చెప్పింది. అత్త పోశవ్వ ఖాళీ బిందెను నేలకేసి కొట్టినంత పని చేసింది. "తొమ్మిది నిమిషాల్ల మూడు బిందెలు గూడ నిండయి. తానాలు బంద్ జెయ్యాల్నా, వంట బంద్ జెయ్యాల్నా? జెప్పుపో మీ పాలికకు" అంది. గుట్టకీ బస్తీకీ గొట్టం ఒకటే. పైవాళ్లు తీసుకోగా మిగిలింది కిందికి వస్తుంది. ఆవిరి మాత్రం ఎవరి వాటాలోనూ పడదు. ఎండను ఎవరు నిలదీస్తారు?

కొమురమ్మ సీసాలో కొలను నీళ్లు పట్టి, పాచి పట్టకుండా కలిపే ఉప్పు ఎంతుందో చూపే ఉప్పుమానిలో పోసింది. అంకె చూసి, నమ్మలేక, సీసా కడిగి మళ్లీ పోసింది. అదే అంకె. ఆమె ఈ ఇంటి పనికి మొదటిసారి వచ్చిన రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

ఒళ్లు మండిపోయింది. ఆవిరైన నీరు ఉప్పును మోసుకుపోదు. ఏడు నెలల్లో కొలనుకు నాలుగు రెట్ల నీళ్లు ఆవిరైతే, మిగిలిన నీళ్లలో ఉప్పు పెరిగిపోవాలి. కానీ ఉప్పు తగ్గిందని పాలిక చెబితే వారం వారం బస్తా భుజాన వేసుకొచ్చి కలిపింది ఎవరు? తనే. పని నేర్పిన మొగులయ్య మొదటిరోజే చెప్పాడు, కంటితో చూడనిదే వేలు పెట్టొద్దని. పాలిక చెప్పింది కదా అని వేలు పెట్టింది. తన అత్త బిందెలు ఖాళీగా ఉంచింది తన బొటనవేలే.

పిచికారీలో ఎర్రరంగు నింపి, మోచేతి దాకా నీళ్లలో ముంచి, గోడ వెంట ఒక్కొక్క చోటా కొంచెం కొంచెం వదిలింది. మూడు చోట్ల రంగు పొగలా తేలి నిలిచింది. దీపపు గూటి దగ్గర మాత్రం నిలవలేదు. సన్నని దారంలా సాగి, గూటి అంచునున్న పగుల్లోకి సర్రున దూరిపోయింది.

"పాలికా, కారణం పగులు. రాసుకో."

"గుట్ట ఇళ్ల జాబితాలో పగులు అనే కారణం లేదు. ఉన్నవి ఆవిరి, ఈత, గాలి. ఎంచుకోండి."

ఇంటి యజమాని నిరంజన్ రావు చేతిలో కాఫీ కప్పుతో అప్పుడే బయటకు వచ్చాడు. నీళ్లలో ఎరుపు చూసి మొహం చిట్లించాడు.

"ఏందిది కొమురమ్మా? మరకలు పడ్తయి."

"లైటు దగ్గర పగిలింది సార్. రోజూ పోయే నీళ్లన్నీ అందులోంచే పోతున్నయి."

"తెలుసు. లైటు మార్చిన్నాటి సంది కారుతుంది."

కొమురమ్మ పిచికారీ కింద పెట్టింది. "తెలిసి గూడ చెప్పలేదా సార్?"

"చెప్తే ఏమైతది? పూల్ ఖాళీ చెయ్యాలె. ఒకసారి ఖాళీ చేస్తే వానలు పడేదాంక పాలిక చుక్క ఇయ్యదు. ఆవిరనే వెయ్యి. అందరూ అట్లనే వేస్తున్నరు."

"ఇంట్ల ఎవరన్న ఈదుతున్నరా దీంట్ల?"

"ఈదుడెందుకు? హాల్లకెళ్లి చూస్తే నీళ్లు కనవడాలె. అంతే."

"మా ఇంట్ల బిందె అడుగు కనవడ్తుంది సార్."

ఆయన నవ్వాడు. ఏం చెప్పినా తమకు జోకు చెప్పారనుకునే మనుషులు కొందరుంటారు. కప్పు గట్టు మీద పెట్టి, చెవిపోగు చూసి జేబులో వేసుకుని, "వేలు వెయ్యి, ఆలస్యమైతుంది" అన్నాడు.

ఆ వేలు ఇక ఈ పలకను తాకదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. పని పోతే పోనీ. కానీ తను మానేస్తే రేపు ఇంకొకరు వచ్చి వేలు పెడతారు, అత్త బిందెలు అలాగే ఉంటాయి. కొమురమ్మ బండి దగ్గరికి నడిచింది. పనిముట్ల కింద, లోపల గీతలు గీసిన పాత బకెట్ ఒకటి ఉంది. మొగులయ్య పోతూ పోతూ ఆమెకిచ్చిన బకెట్ అది.

"పాలికా, బకెట్ పరీక్ష ఉందా నీ జాబితాల?"

"ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ కోరలేదు."

ఆమె బకెట్‌లో కొలను నీళ్లే నింపి, తేలిపోకుండా రాయి వేసి, రెండో మెట్టు మీద నిలబెట్టింది. లోపలి మట్టానికి ఒక గీత, బయటి మట్టానికి ఒక గీత గీసింది. ఎండకు రెండూ ఒక్కలాగే తగ్గాలి. బయటిది ఎక్కువ తగ్గితే అది పగులే. ఇంత తేలికైన సంగతిని ఇన్ని యంత్రాలు పెట్టి దాచారు.

"పరీక్ష మొదలైంది," అంది పాలిక. "పరీక్ష నడిచినంతసేపు పూరణ కవాటం మూసి ఉంటుంది. నేటి పద్దెనిమిది వందల లీటర్లు బండకింది బస్తీకి మళ్లించడమైనది. బకెట్ పెట్టినవారే ఎత్తాలి."

నిరంజన్ రావు కప్పు తీసుకోబోయి ఆగాడు. "తియ్యి దాన్ని."

"పరీక్ష కాలేదు సార్."

"ఎప్పుడైతది?"

"నాకు నమ్మకం కుదిరినప్పుడు."

"పాలికా, ఈమెను పనిలోంచి తీసేయ్! ఇప్పుడే!"

"పరీక్ష నడుస్తుండగా పరీక్షకురాలిని తొలగించే వీలు లేదు. బకెట్ ఇతరులు కదిపితే పరీక్ష మొదటి నుంచి ప్రారంభమవుతుంది."

మనిషి మొహం కందగడ్డ అయింది. ఒక కాలు మెట్టు మీదికి దించాడు. మళ్లీ తీసుకున్నాడు. ఏడు నెలల నుంచి ఆయనకు అడ్డం లేకుండా పనిచేసిన గొంతే ఇప్పుడు అడ్డం తిరిగింది. ఆ మొహం చూస్తుంటే కొమురమ్మ కోపం తీరలేదు గానీ, కొంచెం ఊపిరాడింది.

"నువ్వు రేపు ఎట్ల వస్తవో చూస్త" అన్నాడు.

"వస్త సార్. గీత చూడాలె గద."

సాయంత్రం లోపు చూడాల్సినవి ఆమె వంతులో ఇంకా మూడు ఇళ్లున్నాయి. తొంభై ఎనిమిదిలో ఉప్పు పెరగలేదు. తొంభై తొమ్మిదిలోనూ పెరగలేదు. అంటే అక్కడా పగుళ్లే. నూరో ఇంటి గేటు దగ్గర ఉండగా, నాలుగు దాటాక, చెవిలోని ఫోన్‌లో అత్త పిలుపు మోగింది.

"కొమురా, నల్లా ఇంకా బంద్ కాలేదే! పద్నాలుగు జూపిస్తుంది. బిందెలన్నీ నిండినయి, ధార ఆగుతలేదు. దీనికి ఏమన్న పిచ్చి లేసిందా?"

కొమురమ్మ గేటులోంచి నూరో ఇంటి కొలను మెట్ల వైపు చూసింది.

"ఇంట్ల ఎన్ని బకెట్లున్నయత్తా?"

"మూడున్నయి. ఎందుకు?"

"మూడూ నింపు. పొద్దుగాల వాటిని డ్రమ్ముల గుమ్మరించి, ఖాళీవి నా బండిలెయ్యి. పక్కింటోళ్లవి గూడ అడుగు."