ఆరోవాడి లెక్క

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పిలవకుండా వచ్చి గుమ్మంలో మొహం ముడుచుకుని నిలబడ్డ బంధువులా మబ్బు ఊరి మీద వాలి ఉంది. గాలి ఆడడం లేదు. కరెంటు తీగల మీద కాకులు కూడా ఒకదానితో ఒకటి పలకరింపు లేకుండా కూర్చున్నాయి.

బాబాయ్ బస్సు కిటికీలోంచి ఆ మబ్బును చూశాడు. ఇలాంటిది మధ్యాహ్నానికి గాని ఏ సంగతీ తేల్చదు.

గూఢచారి శాఖలో అందరూ అతన్ని బాబాయ్ అనే పిలుస్తారు. వెయ్యని వేషం లేదు, దాటని సరిహద్దు లేదు. ఇప్పుడు అద్దంలో సొంత మొహం చూసుకున్నా ఎవరిదో వేషంలాగే ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లు మాత్రం సొంతవేనని గుర్తుచేస్తాయి.

పెద్దాయన గదిలో ఫ్యాను ఆగి ఉంది.

"కూర్చో. టీ తాగుతావా?"

"మీరు టీ అడిగారంటే పని చెడిందన్నమాట."

శాఖకు అధిపతి అయిన పెద్దాయన ఖండించలేదు. "మనకు కొత్త సాఫ్ట్‌వేర్ రాస్తున్న కంపెనీ టెస్టింగుకి కొంచెం డేటా అడిగింది. మొత్తం డేటాబేస్ ఇవ్వలేం. పేర్లు మార్చి చిన్న ముక్క ఇద్దామనుకున్నాం. డిప్యూటీ తీసి పంపాడు."

"ఎవరి ముక్క?"

"పోయినవాళ్లది. చనిపోయిన ఇన్‌ఫార్మర్లు ఐదుగురిది. వాళ్లకి ఇక ఏం ముప్పు అనుకున్నాడు."

"ఐదుగురంటే నావాళ్లే."

పెద్దాయన టీ గ్లాసు అతని ముందుకి జరిపాడు.

గోడ పక్కన కుర్చీలో పట్టికలమ్మ ఉంది. డేటాబేస్‌లోని పట్టికలన్నీ ఆమె చేతి కింద ఉంటాయి గనుక ఆ పేరు. కూతురి పురిటికి సెలవు పెట్టి వెళ్లి, కబురు అందగానే బస్టాండు నుంచి సరాసరి వచ్చింది. బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

"డిప్యూటీని తిట్టకండి బాబాయ్. ఎవరైనా చేసే తప్పే," అంది. "ఒక్కో ఇన్‌ఫార్మరుకి ఒక్కో వరుస. ఆ వరుస ఒంటరిగా నిలబడదు. తనని నడిపిన ఏజెంటు వరుస మీద ఆనుకుని ఉంటుంది. దూడని తోలుకెళితే వెనకే తల్లి రావాలి కదా. అది న్యాయమే. ఐదు దూడల వెనక తల్లిగా మీరు వెళ్లారు."

"వెళ్తే వెళ్లాను."

"అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ప్రోగ్రాంకి పైకి మాత్రమే వెళ్లు, కిందికి దిగకు అని చెప్పాలి. ఆయన చెప్పలేదు. అది మీ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగి, మీ కింద ఉన్న దూడలన్నిటినీ తోలుకుపోయింది."

బాబాయ్ కింద బతికున్న దూడ ఒక్కటే. గడియారాలాయన. అవతలి దేశంలో చిన్న రిపేరు కొట్టు, భార్య, గుండెజబ్బుతో ఉన్న కూతురు. అతన్ని ఈ పనిలోకి దింపింది బాబాయే. పేరు మార్చితే మాత్రం ఏం? గడియారాల కొట్టు, ఆ వీధి, కూతురి ఆసుపత్రి, అన్నీ ఆ వరుసను అంటిపెట్టుకునే ఉన్నాయి. తీగ చూస్తే చాలు, డొంక ఎవరిదో చెప్పేస్తారు.

"ఆ ముక్క ఇప్పుడెక్కడుంది?"

"కంపెనీ మూడో అంతస్తులో, టెస్టింగు గదిలో," అన్నాడు పెద్దాయన. "ఇవాళే విదేశీ ముఠా దాన్ని కాపీ చేసుకోబోతోంది. క్వాలిటీ ఆడిటర్లమని చెప్పి వస్తున్నారు. వచ్చేది నెమలి."

నెమలి అంటే పట్టుచీర మడతలో పిస్తోలు పెట్టుకుని పార్టీలకు వెళ్లే మనిషి. రెండు వైపులా జీతం. ఏ రోజు ఎవరి మనిషో ఆమెకే తెలియాలి. ఈ కబురు పంపింది మాత్రం ఆమే.

"ఫైలు చెరిపేస్తే పోలా?"

"ఆమెతో త్రాసు వస్తున్నాడు. ముఠాలో డేటా పరీక్షించేవాడు. ఫైలు లేకపోయినా, అతుకుల బొంతలా ఉన్నా నెమలి ఆ గదిలోంచి ప్రాణాలతో బయటికి రాదు. పైగా ఎవరినో దాస్తున్నామని వాళ్లకి తెలిసిపోతుంది. ఇక వెతకడం మొదలుపెడతారు."

పట్టికలమ్మ బ్యాగు దించింది. "అదే పేరుతో ఇంకో ముక్క తీస్తాను. ఐదుగురు పోయినవాళ్లు, వాళ్లు ఆనుకున్నవి, అంతే. గడియారాలాయన ఉండడు." కొంచెం ఆగింది. "మీరు మాత్రం ఉండాలి బాబాయ్. మిమ్మల్ని తీసేస్తే ఐదుగురూ దిక్కులేనివాళ్లవుతారు. త్రాసు మొదట చూసేది అదే. మీ పేరు మారుస్తాను గాని, పోస్టింగులు చూస్తే మీరెవరో వాళ్లకి అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు ఫీల్డులోకి వెళ్లలేరు."

బాబాయ్ చల్లారిన టీ తాగేశాడు. "పెట్టెయ్యమ్మా. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు పెట్టేదేగా."

ఆమె స్క్రీను మీద ఐదు వరుసలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. పేర్లన్నీ కొత్తవి. అయినా తేదీలు చూసి అతను ఎవరు ఎవరో పోల్చుకున్నాడు. మంచులో పోయినవాడు. రైలు కింద తోసినవాడు. మూడో వరుస దగ్గర కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

*

ఏసీ మెకానిక్ యూనిఫాం బాబాయ్‌కి పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్. కుడి చెవిలో వినికిడి మిషను, దాని అవతల పట్టికలమ్మ. ఈ వయసులో వినికిడి మిషను పెట్టుకుంటే ఎవరూ రెండోసారి చూడరు. ముసలితనంలో అతనికి కనిపించిన లాభం అదొక్కటే.

టెస్టింగు గదిలో కంపెనీవాళ్లెవరూ లేరు. ఆడిటర్ల కోసం ఖాళీ చేయించారు. నిచ్చెన వేసి, ఏసీ మూత విప్పి, దుమ్ము కిందికి రాల్చి, పని జరుగుతున్నట్టు కనిపించేలా చేశాక దిగి కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. పాత ఫైలు పోయింది. కొత్తది ఎక్కడం మొదలుపెట్టింది. ఎద్దుబండి ఏరు దాటుతున్నట్టు ఎక్కుతోంది.

వరండాలో హైహీల్స్ చప్పుడు.

"ఇంకా కొంచెం," అంది చెవిలో పట్టికలమ్మ.

తలుపు పిడి తిరిగింది. "ఎక్కేసింది," అంది ఆమె. బాబాయ్ పెన్‌డ్రైవ్ లాగి నిచ్చెన రెండో మెట్టు మీద కాలు పెట్టాడు. తలుపు తెరుచుకునేసరికి తల పైకప్పులోకి దూర్చి ఉన్నాడు.

"ఎవరు నువ్వు?" మగ గొంతు.

"ఏసీ సార్."

"గ్యాసు తక్కువైందా?" నెమలి గొంతు. అది కోడ్.

"చల్లదనం ఎక్కువైతే జలుబు చేస్తుంది మేడమ్." అది జవాబు. ఫైలు మారింది అని అర్థం.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. సెంటు వాసన నిచ్చెన పైదాకా వచ్చింది. త్రాసు సన్నటి మనిషి. బొత్తాములన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. మెకానిక్కుని కుర్చీలా, ఫ్యానులా లెక్కేసి పనిలో పడ్డాడు. వరుసలు పైకి చదవడం అతని అలవాటు.

"ఒకటోవాడు, ముగిసింది. ఆనుకున్న వరుస ఉంది. రెండోవాడు, ముగిసింది. ఉంది. మూడోవాడు, ముగిసింది. ఉంది."

బాబాయ్ పైకప్పు చీకట్లో కళ్లు మూసుకున్నాడు. సంతాపసభ కూడా ఇంత పొడిగా జరగదు.

"ఐదోవాడు, ముగిసింది. ఉంది. శుభ్రంగా ఉంది." త్రాసు మెచ్చుకోలుగా అన్నాడు. "ఈ ఏజెంటు మనవాళ్లు వెతుకుతున్నవాడే. మొహం ఎలా ఉంటుందో తెలియదు గాని, ఈ పోస్టింగులు వాడివే." అంతలో వేలు ఆగింది. "ఇదేంటి?"

"ఏంటి?" అంది నెమలి.

"వీడి వరుసలో ఒక గడి ఉంది. ఇప్పటిదాకా ఇతని కింద పనిచేసినవారు, ఆరుగురు. ఇక్కడ ఉన్నది ఐదుగురు."

చెవిలో పట్టికలమ్మ గుసగుసలాడింది. "ఆ గడి మరిచిపోయాను బాబాయ్. అది దానంతటదే పెరుగుతుంది. మేం ఎప్పుడూ చేత్తో ముట్టుకోం."

"ముక్క ముక్కే," అంది నెమలి ఆవులిస్తూ. "అందరూ ఉండాలంటే మొత్తం ఇచ్చేవాళ్లు."

"ఈ కంపెనీలో ఉన్న మనవాడు పంపిన కబురులో కూడా ఆరే. నిన్న ఆరున్న ఫైలు ఇవాళ ఐదెలా అయింది?" త్రాసు కుర్చీ తిప్పాడు. అతని ఒళ్లోకి వచ్చిన పిస్తోలు ఆమె నగల వైపు చూస్తోంది. "ఎవరినో తీసేశారు. తీసేశారంటే వాడు విలువైనవాడు. వీళ్లకి ముందే చెప్పిందెవరు?"

నెమలి ఆవులింత మధ్యలో ఆగిపోయింది.

బాబాయ్ నిచ్చెన దిగాడు. తొందరేం పడలేదు. మోకాళ్లు పడనివ్వలేదు.

"ఆ ఆరోవాణ్ణి నేనే సార్."

పిస్తోలు అతని వైపు తిరిగింది.

"ఈ బిల్డింగులో ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఒకాయనకి చెబుతుంటాను. ఏదో చేతిలో పెడతాడు. మీరు ఎలాగూ కనిపెట్టేస్తారు. ముందే చెప్పుకుంటే కొట్టకుండా వదులుతారని."

"నీ వరుస ఇందులో లేదేం?"

"నాకేం తెలుసు సార్ వరుసలూ అవీ. ఇందాక మీరు ముగిసింది, ముగిసింది అని చదువుతుంటే అందరూ పోయినవాళ్లే అనిపించింది. నేనింకా పోలేదు."

త్రాసు మళ్లీ స్క్రీను వైపు తిరిగాడు. ఐదు వరుసల్లోనూ ముగింపు తేదీ ఉంది. బతికున్న వరుస ఒక్కటీ లేదు. పోయినవాళ్లు ఐదుగురు, నిచ్చెన కింద ఒకడు. అతని మొహంలో బిగువు సడలింది. బొత్తాములన్నీ సరిగ్గా పడ్డ చొక్కా చూసినంత తృప్తి.

"నిన్నటి కబురులో మనవాడు ఆ గడి చూసి వీణ్ణి కూడా కలిపి చెప్పాడన్నమాట. లెక్క సరిపోయింది." పిస్తోలు లోపల పెట్టుకున్నాడు. ఫైలు కాపీ చేసుకుని లేచాడు. "వీడు?"

"నేను చూసుకుంటాను," అంది నెమలి, తన పిస్తోలు తీసి బాబాయ్‌కి గురిపెడుతూ.

"ఆరోది కూడా ముగించెయ్. మన దగ్గర అన్నీ ముగిసినవే ఉండాలి."

త్రాసు ఎక్కిన లిఫ్టు తలుపులు మూసుకున్నాక ఆమె పిస్తోలు దించింది. "మీకు మతి ఉందా బాబాయ్? వాడు అక్కడే కాల్చేసుంటే?"

"గది పాడవుతుంది. అలాంటివాళ్లకి అది నచ్చదమ్మా."

కింద బేస్‌మెంటులో పాత ఏసీ డబ్బాలోకి ఆమె రెండుసార్లు కాల్చింది. తర్వాత అతన్ని నేల మీద పడుకోబెట్టి, పెదాల రంగు చొక్కాకి పులిమి ఫోటో తీసింది.

"అయింది. లేవండి."

"ఇంకాసేపు ఉండనీ. చల్లగా ఉంది."

*

ఆఫీసు వెనక వైపు, వంటగదిని ఆనుకున్న చిన్న గది. నెమలి దొడ్డిదారిన వచ్చింది. నగలన్నీ తీసి పర్సులో వేసుకున్నాక ఎవరింట్లోనో పెద్దకోడలిలా ఉంది. బయట మబ్బు చివరికి కురవడం మొదలుపెట్టింది.

"ఫోటో వాళ్లకి చేరింది," అన్నాడు పెద్దాయన. "వాళ్ల లెక్కలో నీ కింద ఆరుగురూ పోయారు. ఏడోవాడి కోసం ఎవరూ వెతకరు."

"గడియారాలాయన?"

"కొట్టు తెరిచాడు. పొద్దుటి నుంచి మామూలుగానే ఉందట."

బాబాయ్ తల ఊపాడు.

"నువ్వు మాత్రం ఇక..."

"ఊఁ," అన్నాడు బాబాయ్. మిగతాది చెప్పనివ్వలేదు.

పట్టికలమ్మ కూతురింట్లో కట్టిచ్చిన క్యారేజీ విప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ గడి గురించి ఏదో అనబోయింది. బాబాయ్ ఆమె ముందుకి కంచం జరిపాడు. ఆమె వడ్డించడం మొదలుపెట్టింది. గిన్నెలు నాలుగు వైపులా తిరిగాయి. నెమలి వేళ్లతో కలుపుకుని ఆబగా తింది. పెద్దాయన ఫోను మోగితే దాన్ని బోర్లా పెట్టేశాడు.

చచ్చినవాడు మారు వడ్డించుకున్నాడు.