వెనకగది గడియ

ఆ వీధి చివరి ఇంటికి మంచిపేరు లేదు. పగలంతా దాని ముందు సైకిళ్ళు పెట్టుకుంటారు, ప్రహరీ మీద బట్టలు ఆరేసుకుంటారు. దీపాలు పెట్టే వేళయిందంటే మాత్రం ఎవరి బట్టలు వాళ్ళు గబగబా తీసేసుకుంటారు.

ఎప్పుడో అందులో అద్దెకున్నవాళ్ళకి ఓ పిల్ల ఉండేదట. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పిందని వాళ్ళ బాబాయి వెనకగదిలోకి నెట్టి బయట గడియ వేశాడట. సాయంత్రం తీద్దాంలే అనుకుని మర్చిపోయాడట. అంతే కథ, చిన్నదే. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ గదిలోంచి మెల్లగా వినిపిస్తుందంటారు —

"బాబాయ్... గడియ తియ్యి బాబాయ్..."

ఆ వీధిలో మగాళ్ళందరూ ఎవరో ఒకరికి బాబాయిలే. అయినా విన్నవాడల్లా 'నన్ను కాదులే' అనుకుని అడుగు పెద్దది చేసి పోతాడు.

అలాంటి ఇంటిని ఏరికోరి ఒక రోజుకి అడిగి తీసుకున్నాడు వన్‌మోర్.

అది కెమెరామన్ పెట్టిన పేరు. షాటు బావున్నా బాగోకున్నా 'వన్ మోర్' అనడం అతని అలవాటు. షార్ట్‌ఫిల్మ్ తీస్తున్నాడు. పేరు 'గొంతులేని గువ్వలు'. కష్టాల్లో ఉన్న టీనేజి అమ్మాయిల గురించి. అమ్మాయిల మనసు తనకి తెలిసినంతగా అమ్మాయిలకే తెలీదని అతని నమ్మకం. అందుకే ఏ అమ్మాయినీ ఏమీ అడగలేదు.

కథలో గువ్వలు ముగ్గురు. బడ్జెట్‌లో ఒక్కతే — సొంత అక్క కూతురు. ఒంటిజడ వేస్తే మొదటి గువ్వ, రెండు జడలైతే రెండోది, జుట్టు విరబోసుకుంటే మూడోది. మేనకోడలే కదా అని పారితోషికం ఓ ఐస్‌క్రీము. అదీ సినిమా విడుదలయ్యాక.

కథంతా రాత్రి జరగాలి. రాత్రిపూట ఆ ఇంట్లో ఉండమంటే కెమెరామన్ ఉండనన్నాడు, సౌండు మనిషీ ఉండనన్నాడు.

"చదువుకున్నారు, సిగ్గులేదూ?" అని నవ్వాడు వన్‌మోర్. నవ్వి, తనూ పగలే పెట్టుకున్నాడు.

కిటికీలకి నల్లగుడ్డలు కట్టి, సందుల్లో టేపు అంటించి, మిట్టమధ్యాహ్నం రాత్రి చేశారు. వీధిలో ఎండ మండిపోతోంది. లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. దెయ్యాలకి గడియారం చూడ్డం రాదనీ, వాటికి చీకటొక్కటే లెక్కనీ ఆ ముగ్గురు చదువుకున్నవాళ్ళకీ తట్టలేదు.

పిల్ల కాలరు వెనక చిన్న మైకు గుచ్చారు. ఊపిరి తీసినా పట్టేస్తుంది.

"ఏడువు" అన్నాడు వన్‌మోర్.

"ఈ పిల్ల ఎందుకేడుస్తోంది మామయ్యా?"

"ఆడపిల్ల ఏడవడానికి కారణమెందుకే? వయసు అలాంటిది."

"నాదీ అదే వయసు. నాకు ఏడుపొస్తే తలుపేసుకుంటా. ఎవరికీ చూపించను."

"నువ్వు చూపించకపోతే జనం ఏం చూస్తారే? ఏడువు."

ఏడ్చింది. వన్ మోర్ అన్నాడు. మళ్ళీ ఏడ్చింది.

"ఇది ఏడుపా? పడిశం పట్టినట్టుంది."

"ఉల్లిపాయ తెమ్మంటావా?" అన్నాడు కెమెరామన్.

"నాకు సహజం కావాలయ్యా, కూర కాదు."

సహజం కోసం అతనికో ఉపాయం తట్టింది. "వెళ్ళి వెనకగదిలో కూర్చో. పాత్రలోకి దిగు" అన్నాడు. పిల్ల వెళ్ళింది. వెనకాలే వెళ్ళి బయట గడియ వేసి వచ్చాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది.

"మామయ్యా, చాలు. గాలాడట్లేదు. గడియ తియ్యి."

కెమెరామన్ లేవబోయాడు. వన్‌మోర్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "ఉండవయ్యా, ఇప్పుడిప్పుడే మూడ్ వస్తోంది."

"మామయ్యా... నిజంగానే అడుగుతున్నా..."

"విన్నావా, గొంతెలా వణుకుతోందో? ఇంకాస్త ఊరనీ."

తలుపు తట్టడం ఆగిపోయింది.

ఈలోగా ఖాళీ గది చప్పుడు పట్టుకుంటానన్నాడు సౌండు మనిషి. అది వాళ్ళ పనిలో పద్ధతి. అందరూ కదలకుండా కాసేపు ఊరుకుంటే, ఆ ఊరుకున్న చప్పుడునే రికార్డు చేసుకుంటారు. తర్వాత మాటల మధ్య సందులు పూడ్చడానికి పనికొస్తుంది. అతని చెవులకి హెడ్‌ఫోన్లు. వన్‌మోర్ చెవులకీ ఉన్నాయి, తీగలేనివి. దర్శకుడన్నాక ఉండాలి కదా.

లైటు ఆర్పేశారు. రికార్డరు మీది ఎర్రచుక్క ఒక్కటే వెలుగుతోంది.

నిశ్శబ్దం...

చెవుల్లో ఏదో గుడ్డ రాసుకున్న చప్పుడు... ఊపిరి... ఎవరిదో, చాలా దగ్గరగా...

"బాబాయ్..."

వన్‌మోర్ మెడ తిప్పాడు. ఎర్రచుక్క వెలుగులో సౌండు మనిషి నోరు తెరుచుకుని ఉంది. కెమెరామన్ గోడకానుకుని హాయిగా ఆవలిస్తున్నాడు. అతనికేమీ వినపడలేదు. గదిలో చీమ చిటుక్కుమనలేదు.

"నీకూ...?" గుసగుసలాడాడు వన్‌మోర్.

సౌండు మనిషి తలూపాడు.

మేనకోడలు కాదు. మేనకోడలైతే 'మామయ్యా' అంటుంది. పైగా ఆ తలుపవతల ఉలుకూ పలుకూ లేదు.

"గడియ తియ్యి బాబాయ్... ఇంకెప్పుడూ ఎదురు చెప్పను... సాయంత్రమైపోయింది బాబాయ్..."

ఆ తర్వాత ఏడుపు. పడిశంలాంటిది కాదు. గొంతు దాటి రాలేక, లోపలే సుళ్ళు తిరిగే ఏడుపు. 

ముందు ఎవరు లేచారో తెలీదు. గుమ్మం దాటేటప్పుడు మాత్రం ముగ్గురూ ఒకేసారి దాటారు.

నడివీధిలో, నెత్తిమీద ఎండలో వచ్చి పడ్డారు. కెమెరామన్ చంకలో కెమెరా ఉంది. సౌండు మనిషి రికార్డరుని పసిబిడ్డలా గుండెకి హత్తుకున్నాడు. ఎవరికి విలువైనది వాళ్ళు తెచ్చుకున్నారు. వన్‌మోర్ చేతులు ఖాళీ. కాలికి ఒక చెప్పే ఉంది.

ప్రహరీ మీది దుప్పటి మడతపెడుతున్న ఆవిడ, ఆ వీధి పిల్లలందరికీ పిన్ని, వాళ్ళని ఎగాదిగా చూసింది.

"పట్టపగలే వినిపించిందా నాయనా?"

కెమెరామన్ మిగతా ఇద్దరి వైపూ వేలు చూపించాడు.

"లోపల ఇంకెవరూ లేరు కదా?"

వన్‌మోర్ నోరు తెరిచాడు. హెడ్‌ఫోన్లు ఇంకా చెవులకే ఉన్నాయి. వాటిలో ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత, ఏడుపు ఆనవాలే లేని గొంతు —

"మామయ్యా. ఏడుపు ఇప్పుడు సరిపోయిందా? లేక వన్ మోరా?"

కాలరు వెనక మైకు. ఆపాలని ఎవరికీ గుర్తులేదు. అది ఉందని పిల్లకి గుర్తుంది.

"నేను పిలిస్తే మూడ్ అన్నావు. సర్లే, ఆ పిల్ల పిలిస్తేనైనా తీస్తావేమో అనుకున్నా. అడుగులు వినపడ్డాయి మామయ్యా. అన్నీ బయటికే వినపడ్డాయి..."

ఈసారి గొంతు చిన్నదైంది.

"ఇక్కడ నిజంగానే చీకటిగా ఉంది. గడియ తియ్యి."

వన్‌మోర్ గుమ్మం వైపు చూశాడు. లోపలి చీకటి చూశాడు. సౌండు మనిషిని చూశాడు. "నువ్వెళ్ళు" అన్నాడు. సౌండు మనిషి కెమెరామన్‌ని చూశాడు. కెమెరామన్ కెమెరా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

దుప్పటి ఆవిడ ముగ్గురినీ వరసగా చూసింది. దుప్పటి తెచ్చి వన్‌మోర్ చేతుల్లో పెట్టింది. "పట్టుకో. కింద పడెయ్యకు" అని కొంగు బిగించుకుని ఆ చీకట్లోకి నడిచింది.

ఎండలో, ఒంటిచెప్పుతో, ఎవరిదో దుప్పటి మోస్తూ నిలబడ్డాడు వన్‌మోర్. చెవుల్లో అన్నీ వినిపిస్తున్నాయి... ఎవరివో అడుగులు, దగ్గరవుతున్నాయి... టక్కున గడియ తీసిన చప్పుడు...

ఆ వెంటనే మేనకోడలి గొంతు —

"వచ్చావా పిన్నీ..."