ముప్పై ఒకటో కిలోమీటరు

శాంతయ్య షెడ్డులోని కారుకు దయ్యం పట్టిందని ఆళ్లగడ్డలో మొదట అన్నది వెంకటమ్మ. షెడ్డు గోడకు ఆనుకునే ఆమె ఎనుముల కొట్టం. చూసింది చూసినట్టు ఆమె టీ అంగడి జయలక్ష్మమ్మకు చెప్పిందట. జయలక్ష్మమ్మ గ్లాసులు కడుగుతూ దానికి ఇంకాస్త పసుపూ కుంకుమా అద్ది మల్లేశ్ చెవిన వేసింది. కారును దిమ్మెల మీదికి ఎత్తారంట. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయంట. బెంగుళూరు నుంచి వచ్చిన నల్లద్దాల పిల్ల పక్కనే స్టూలేసుకుని కూర్చుందంట. అరగంట తిరిగాక, ఎవరూ తాళంచెవి ముట్టకుండానే ఇంజను ఆగిపోయిందంట. మళ్లీ తిప్పితే మళ్లీ సరిగ్గా అరగంటకే ఆగిందంట.

"ఆగినప్పుడల్లా ఆ పిల్ల నవ్విందంటప్పా," అంది జయలక్ష్మమ్మ. "బండి ఆగితే ఏడ్సల్ల గానీ, నవ్వేటోళ్లను యాడన్నా చూసినావా?"

మల్లేశ్ టీ సగంలో వదిలేసి లేచాడు.

ఊరి లెక్కలో అతను పది రోజుల కింద శాంతయ్య షెడ్డులో చేరిన వైర్‌మన్. నల్లమల చెంచు గూడెంలో గురవమ్మ కొడుకు. ఢిల్లీలో ఒక ఫైలు మాత్రం అతన్ని ఏజెంట్ నైన్ అంటుంది. ఆ ఫైలు మోసే చీఫ్, 2004 మార్చిలో, నంద్యాలలో ఒక టైర్ల అంగడి వెనక గదిలో అతనికి పని అప్పజెప్పాడు. బ్రీఫింగ్ రెండు నిమిషాలు.

"వేణుమాధవ్. నంద్యాల బట్టల వ్యాపారి కొడుకు. డిఫెన్స్ ల్యాబ్‌లో ఇంజనీరు. లీవులో ఉన్నాడు. పాత కాంటెస్సా కారులో జపాన్ ఇంజను వేయించుకుంటున్నాడు."

"ముప్పు?"

"పరాయి దేశపు ముఠా. చంపరు. ఎత్తుకుపోతారు. వాళ్లకు అతని తలలో ఉన్నది కావాలి."

"బండికి ట్యూనింగ్ చేసే ఆమె?"

"శ్రీవాణి. ముఠాలోకి మనమే పంపాం, రెండేళ్ల కింద. ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెలీదు. కోడ్ అడిగి చూడు."

మల్లేశ్ అడిగి చూశాడు. ఆమె బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉండగా, ఈ తట్టు తేనె దొరుకుతాదా మేడం అన్నాడు. పాకం కలపనిది యాడా దొరకదు అని రావాలి జవాబు. ఆమె తల ఎత్తకుండా, "నాకు తీపి పడదు," అంది. ఆ పూటంతా షెడ్డులో ఆమె సెంటు వాసన మల్లేశ్‌కు పాము వాసనలా తగిలింది.

జయలక్ష్మమ్మ మాట విన్న మధ్యాహ్నమే, శ్రీవాణి భోజనానికి పోయిన సందులో అతను డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. కంపెనీ పెట్టె తీసేసి, బయట కొన్న ఇంజన్ కంప్యూటరు బిగించింది ఆమే. ఏ వేగానికి ఎంత పెట్రోలు, ఏ క్షణాన నిప్పురవ్వ, అన్నీ ఆ అరచేతి పెట్టె చెప్పినట్టే. అతని చేతిలోది చూసేవాళ్లకు మామూలు టెస్టరు. పెట్టెలో ఉన్నదంతా అది నిమిషంలో కాపీ చేసుకుంది.

ఎప్పుడెంత పెట్రోలో చెప్పే పట్టిక నున్నగా ఉంది, పనిమంతురాలి చెయ్యి. తప్పు వేరేచోట ఉంది. ఖాళీగా ఉండాల్సిన ఒక పిన్ను నుంచి సన్నటి వైరు పెట్రోలు పంపును నడిపే, ఆపే రిలేకు పోతోంది. ఆ పిన్నుకు ఒక అంకె రాసి ఉంది: 78,988. గేర్‌బాక్సు సెన్సారు చక్రం తిరిగే కొద్దీ పంపే పల్సుల లెక్క అది. అన్ని పల్సులు కాగానే పంపు ఆగుతుంది. మల్లేశ్ సిగరెట్టు పెట్టె వెనక భాగహారం చేశాడు. ముప్పై ఒక్క కిలోమీటర్లు.

ఆదివారం వేణుమాధవ్ ఈ బండిని నంద్యాల నుంచి గిద్దలూరు దాకా నడిపి చూడబోతున్నాడు. నంద్యాల చివరి పెట్రోలు బంకు నుంచి ముప్పై ఒకటో కిలోమీటరంటే ఘాట్‌లో రెండో మలుపు. చిన్నప్పుడు ఆ మలుపు పైనుంచే మల్లేశ్ తేనెకు తాడు దిగేవాడు. అక్కడ కేక వేస్తే వినేది కొండ ఒక్కటే.

వేణుమాధవ్ సారుకు చెప్పేద్దామన్నాడు మల్లేశ్, చీఫ్‌తో. చీఫ్ ఒప్పుకోలేదు. చెబితే అతని మొహమే అన్నీ చెప్పేస్తుందట. వైరు తెంచొద్దు, అంకె మార్చొద్దు, ఆ పిల్ల రోజూ సరి చూస్తోంది. ముఠా నాయకుడు స్వయంగా వచ్చేది ఆ ఒక్క రోజే.

మల్లేశ్ అంకె ముట్టుకోలేదు. చక్రాలు మార్చాడు. కొత్త టైర్లు బ్యాలెన్సింగ్‌కు పోవాల సార్, రెండు దినాలు ఇవి వాడుకోండని నూటికి ఆరుపాళ్లు చిన్న టైర్లు బిగించాడు. చిన్న చక్రం ఎక్కువ సార్లు తిరుగుతుంది. కంప్యూటరు ముప్పై ఒకటి అనుకునేసరికి బండి ఇరవై తొమ్మిది దాటుతుంది. అక్కడ ఫారెస్టు చెక్‌పోస్టు. మొద్దులు మోసే కూలీల వేషంలో ఎనిమిది మంది పోలీసులు.

ఆదివారం పది గంటలకు బంకు దగ్గర శ్రీవాణి లెక్కను సున్నాకు తెచ్చింది. దిగి కారు చుట్టూ ఒకసారి నడిచింది. ముందు చక్రం దగ్గర ఆగి, టైరు మీది అక్షరాలు చదివి, మల్లేశ్ కళ్లలోకి చూసింది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

బండి సాఫీగా పోతోంది. వేణుమాధవ్ పిల్లాడిలా మురిసిపోతున్నాడు. వెనక సీట్లో మల్లేశ్ కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతున్నాడు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. చెక్‌పోస్టు వచ్చింది. ఇంజను ఆగలేదు. కూలీల మొహాలు కిటికీ పక్కనుంచి వెనక్కి జారిపోయాయి.

"టైర్లు మెత్తగుండాయా సార్?" గొంతు మామూలుగా పెట్టి అడిగాడు మల్లేశ్.

"బంకులో గాలి గట్టిగా కొట్టించినా లేప్పా. మైలేజీ వస్తాది."

గాలికి ఉబ్బిన చక్రం నూటికి ఒక పాలు పెరిగింది. ఆ ఒక్క పాలు మూడు వందల మీటర్లు. మలుపు తిరిగి, పోలీసుల కంటికి కనబడని చోట ఇంజను దగ్గి ఆగిపోయింది.

అడవిలో మనుషులు నక్కితే కొండముచ్చులు మొదట అరుస్తాయి, అలవాటయ్యాక ఊరుకుంటాయి. ఇక్కడ అవి ఊరుకున్నాయి. పొదల్లోంచి ముఠా కాపలావాడు ఒకడు లేచాడు. ఒక చేతిలో వాకీటాకీ, ఒక చేతిలో పిస్తోలు. బండి ఒకటిన్నర కిలోమీటరు ముందే ఎందుకు ఆగిందో వాడికి అర్థం కాలేదు. మల్లేశ్ జేబులోని టెస్టరును మూడుసార్లు నొక్కాడు. పోలీసులు పరుగెత్తి రావాలంటే రెండు నిమిషాలు.

శ్రీవాణి దిగింది. వాడి చేతిలోంచి వాకీటాకీ లాక్కుంది. "బండి కిందనే ఆగింది. పెద్దాయన్ను తీసుకుని అందరూ దిగండి. బేగా రండి."

మల్లేశ్ తుపాకి ఆమె మెడ వెనక ఆనింది. ఆమె కదల్లేదు. "పాకం కలపనిది యాడా దొరకదు," అంది మెల్లగా, షెడ్డులో ఆనాడు ఇవ్వని జవాబును. మరుక్షణం ఆమె మోచెయ్యి ఆ మనిషి గొంతులో దిగింది.

ఐదుగురితో సుమో మలుపు తిరిగేసరికి, చెట్టుకొక కూలీ నిలబడి ఉన్నాడు. ముఠా నాయకుడు చెయ్యి జారిన తన పిస్తోలు అందుకునేలోపే మల్లేశ్ దాన్ని బూటుతో తొక్కిపట్టాడు.

చీఫ్ జీపు దిగి వేణుమాధవ్‌కు చెయ్యి చాపాడు. "కంగ్రాట్స్. రెండు వారాలుగా మీమీద ఈగ వాలనివ్వలేదు."

వేణుమాధవ్ ఆ చెయ్యి అందుకోలేదు. రెండు వారాలుగా తెలుసునా అని అడిగాడు. చీఫ్ దేశం గురించి ఏదో మొదలుపెట్టాడు. వేణుమాధవ్ మల్లేశ్ వైపు తిరిగాడు.

"పొద్దున నా బిడ్డ నేనూ వస్తానని సీట్లోకెక్కి కూర్చునింది. నువ్వు ఆడనే నట్లు బిగిస్తాంటివి. బిస్కెట్టిచ్చి దాన్ని దించింది నేనప్పా. నువ్వు గాదు."