ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరో సీటు

సమద్‌ను లారీ గుద్ది చంపింది మంగళవారం ఉదయం ఆరూ యాభైకి, పటేల్‌గూడ మలుపు దగ్గర సర్వీసు రోడ్డు మీద. లారీ ఆగలేదు. నంబరు ప్లేటు నిండా బురద పూసి ఉంది. ఆ ప్రాంతంలో వాన పడి పది రోజులైంది.

బుధవారం ఉదయం శ్రావణ్‌కుమార్ సంగారెడ్డిలో ‘భూసార పరీక్షా కేంద్రం’ అన్న బోర్డు ఉన్న మేడ ఎక్కాడు. పై అంతస్తులో ఉన్నది కౌంటర్ ఇంటెలిజెన్స్ యూనిట్. కింది కౌంటర్లో మాత్రం రైతులు నిజంగానే మట్టి ఇచ్చి, నిజంగానే రిపోర్టులు పట్టుకెళ్తారు. కవర్ అంటే అంత పక్కాగా ఉండాలని చీఫ్ కనకమహాలక్ష్మి పట్టుదల.

గదిలో తనుశ్రీ ముందే కూర్చుని ఉంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో ప్లాట్ల బ్రోచర్లు. రియల్ ఎస్టేట్ ఏజెంటు వేషం ఆమెది. ఈ దారిలో ఆ వేషానికి మించింది లేదు. కారు ఎక్కడ ఆపినా ఎందుకు ఆపావని ఎవరూ అడగరు.

“ఏడుపు తర్వాత. ముందు పని,” అంది చీఫ్. “పటాన్‌చెరులో కృత్తికా ప్రిసిషన్. క్షిపణులకు దారి చూపే పరికరాలు తయారు చేస్తారు. నెలకొక పెట్టె బయటికి వెళ్తుంది. జహీరాబాద్ మీదుగానో, జోగిపేట మీదుగానో. ఏ రూటన్నది లారీ బయల్దేరే నిమిషం దాకా నాకు కూడా తెలీదు. కానీ ఇలాంటివి దోచి విదేశాలకు అమ్మే మెరీడియన్ ముఠాకు పోయిన నెల తెలిసింది. దారి కాశారు. లారీ పంక్చరై ఆగిపోబట్టి పెట్టె దక్కింది. ఈ శుక్రవారం నాలుగింటికి మళ్లీ పెట్టె కదులుతుంది.”

“రూటు ఎట్ల లీకైతుందో సమద్ భాయ్ కనిపెట్టిండు గదా,” అన్నాడు శ్రావణ్.

“కనిపెట్టాడు. ఫిట్టర్‌గా చేరిన మూడో వారానికి. సోమవారం మీ ఇద్దరికీ మెసేజ్ పెట్టాడు. దొరికింది, రేపు పొద్దున మలుపు దగ్గర చెప్తానని.”

“నువ్వు రెస్ట్ తీసుకో, నేను పోతా అని నీకు చెప్పిన,” అంది తనుశ్రీ. “ఐదు నిమిషాలు లేటైంది శ్రావణ్. ఐదే నిమిషాలు.”

శ్రావణ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగేళ్లుగా ముగ్గురూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లు.

తనుశ్రీ చిన్న నోట్‌బుక్ తీసి ‘శ్రావణ్: గేటు డ్యూటీ’ అని రాసి, వెంటనే దాని మీద గీత కొట్టింది. ఏ పనైనా మొదలుపెట్టేటప్పుడే కొట్టెయ్యడం ఆమె అలవాటు. “షురూ చేస్తే అయినట్టే,” అంటుంది. సమద్ ఆ మాటకు ఎప్పుడూ నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ సమద్ ఇంటికి వెళ్లారు. తల్లి రషీదున్నీసా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తనుశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు. శ్రావణ్ మాత్రం గుమ్మం దగ్గర సమద్ చెప్పులు చూస్తూ ఉండిపోయాడు. ఎవరో వాటిని జతగా సర్ది పెట్టారు.

“తిన్నవా బేటా?” అని అడిగింది రషీదున్నీసా.

అతను తల ఊపి, చెప్పులు దాటి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రమే కంపెనీ గేటు దగ్గర అతను కొత్త ఉద్యోగంలో చేరాడు, ఫోన్ల కౌంటర్లో. కార్మికులు ఫోన్లు ఇచ్చి ఇత్తడి టోకెన్ తీసుకుంటారు. ఫోన్ల రిజిస్టరులో రెండో సంతకం చేసేది అంజయ్య. గేటులో ముప్పై ఏళ్ల సర్వీసు, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా.

“ఫోన్ రాక్ల పెట్టు. టోకెన్ జేబుల పెట్టు. మనసు పని మీద పెట్టు,” అనేవాడు అందరితో.

కౌంటర్ పక్కనే లారీల గేటు. ప్రతి లారీ ముందూ అంజయ్య నిలబడి చీటీని పెద్దగా రెండుసార్లు చదువుతాడు. లారీ నంబరు, సీలు నంబరు, రూటు. డ్రైవరు తిరిగి ఒకసారి చెప్పాలి. ఒకప్పుడు చదువురాని డ్రైవరు ఒకడు బీదర్ పోవాల్సింది బోధన్ పోయాడట. అప్పటినుంచీ అదే పద్ధతి.

ఎదురుగా తాజ్ మొహమ్మద్ రీచార్జి దుకాణం. శ్రావణ్ అక్కడ చాయ్ తాగుతుంటే తాజ్ మొహమ్మద్ అడిగాడు.

“కొత్తనా భాయ్? ఫోన్ల ముత్యాల వేట ఆట ఆడ్తవా?”

“యాడ్స్ ఎక్కువొస్తయ్.”

“గోల్డ్ సబ్‌స్క్రిప్షన్ తీస్కో. యాడ్స్ ఉండయ్, ప్రాణాలు అయిపోవుడు ఉండదు. ఫ్యామిలీ ప్లాన్, ఒక్కరు కడ్తే ఆరుగురు ఆడొచ్చు. కట్టేటోళ్లు ఆట కంపెనీవాళ్లే. మీ గేటుల ఫోన్లు పెట్టేటోళ్లకు ఫ్రీ. నిన్ననే ఒక సీటు ఖాళీ అయింది. కిస్మత్ ఉంది నీకు.”

శ్రావణ్ చేతిలో చాయ్ గ్లాసు కదల్లేదు. “ఇయ్యి,” అన్నాడు.

గురువారం షిఫ్టు అయ్యాక వంశీ అనే వెల్డరు టోకెన్ ఇచ్చి ఫోను తీసుకున్నాడు. “ఏం రాక్ అన్నా ఇది? పొద్దుగాల నూరు శాతం బ్యాటరీ ఉండె. సూడు, పదకొండు.”

ఫోను అందిస్తుంటే శ్రావణ్ అరచేతికి వేడి తగిలింది. ఎనిమిది గంటలు ఎవరూ ముట్టని ఫోను. రాక్‌లో మిగతావి తడిమి చూశాడు. చల్లగా ఉన్నాయి. ఇంకో నాలుగు మాత్రం కాలుతున్నాయి. ఐదింటి తెరల మీదా ముత్యాల వేట గోల్డ్ గుర్తు ఉంది. ఆరోది అతనిదే.

జేబులోని పవర్‌బ్యాంకు ఆకారపు డిటెక్టరును దగ్గర పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. ఆ ఫోన్లు వింటున్నాయి. విన్నది విన్నట్టు బయటికి పంపుతున్నాయి. దొంగచెవులు లోపలికి రాకూడదనే ఫోన్లను రాక్‌లో పెట్టిస్తున్నారు. ఆ రాక్ పక్కనే నిలబడి అంజయ్య రోజూ రూటు చదువుతున్నాడు, ఖంగుమనే గొంతుతో, రెండుసార్లు.

సమద్‌కు దొరికింది ఇదే.

శ్రావణ్ తన ఫోనులో ఆట తెరిచి, ఎవరూ చూడని సెట్టింగ్స్ లోపలికి వెళ్లాడు. ఫ్యామిలీ ప్లాన్. గ్రూపు యజమాని పేరు ‘మమ్మీ’. కింద గ్రూపు చరిత్ర. అందులో ఒక వరుస:

మంగళవారం, ఉదయం 6:10. సమద్‌ను యజమాని తొలగించారు.

లారీ వచ్చింది ఆరూ యాభైకి.

ఆ వరుసను రెండోసారి చదివాడు. ఆ ఉదయం సమద్ ఆ మలుపుకు వస్తాడని తెలిసింది ఇద్దరికే. ఒకరు ఇంట్లో పడుకున్నారు, పడుకోమన్నారు కనుక. ఇంకొకరు, ఆ ‘మమ్మీ’, షురూ చేసేటప్పుడే కొట్టేశారు.

రషీదున్నీసా చెయ్యి పట్టుకున్న ఆ చెయ్యి అతనికి గుర్తొచ్చింది. గంటసేపు వదల్లేదు.

వైర్‌లెస్ ఛానల్ తనుశ్రీ కూడా వింటుంది. కాబట్టి శుక్రవారం ఉదయం శ్రావణ్ తలకు తువ్వాలు చుట్టి, రైతుల వరసలో నిలబడి, కింది కౌంటర్లో ఒక మట్టి పొట్లం ఇచ్చాడు.

“నేలల ఉప్పెక్కువ ఉన్నట్టుంది. పెద్దమేడం సూడాలె.”

ఉప్పు అంటే సొంతవాళ్లలోనే ద్రోహి అని కోడ్. పొట్లంలో పేరు ఉంది. పదో నిమిషంలో పైనుంచి రసీదు వచ్చింది. వెనక చీఫ్ చేతిరాత: ‘పెట్టె కదలదు. ఖాళీ లారీలో మనవాళ్లు ఉంటారు. జోగిపేట రూటు చదివించు. ముఠా అంతా అక్కడికే వస్తుంది.’

మూడూ యాభైకి ఖాళీ లారీ గేటు దగ్గర ఆగింది. డ్రైవరు సీట్లో కమాండో నర్సింహ. రోడ్డుకు అవతల తనుశ్రీ కారు. అద్దాల్లోంచి ఆమె గేటునే చూస్తోంది. నాలుగు దాటితే ఆమెకు అనుమానం వస్తుంది. వస్తే ముఠా చెదిరిపోతుంది, సమద్‌ను చంపినవాళ్లు మళ్లీ దొరకరు.

అంజయ్య చీటీని వెనక్కి తిప్పి చూశాడు.

“దీని మీద ముద్ర లేదు.”

“సెక్యూరిటీ ఆఫీసర్ సంతకం ఉంది గద కాకా.”

“సంతకం ఎవలైనా గెలుకుతరు. ముద్రేది? ముద్ర లేంది సదువ.”

“కాకా, జెర జల్దీ. దేశం పని.”

“దేశం పనికి ముద్ర వద్దా మరి?”

శ్రావణ్ ఆఫీసు గదికి పరిగెత్తాడు. ముద్ర ఉంది, ఇంకు ప్యాడ్ ఎండిపోయింది. నాలుగుకు రెండు నిమిషాలు. సీసాలోని నీళ్లు ప్యాడ్ మీద చిలకరించి ముద్ర గట్టిగా నొక్కాడు. చీటీ మీద లేత ఊదారంగు మరక పడింది. అంజయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. నోటితో ఊదాడు. ఆరేదాకా ఆగాడు.

రోడ్డవతల తనుశ్రీ చెయ్యి కారు తాళం మీదికి వెళ్లింది.

“రూటు, సంగారెడ్డి, జోగిపేట,” అని అంజయ్య గొంతెత్తాడు. రెండోసారీ అంతే స్పష్టంగా చదివాడు. నర్సింహ తిరిగి చెప్పాడు. రాక్‌లో ఫోన్లు నిశ్శబ్దంగా వేడెక్కాయి.

లారీ కదిలింది. శ్రావణ్ టోకెన్ ఇచ్చి తన ఫోను తీసుకున్నాడు. తెర మీద కొత్త మెసేజ్ ఉంది.

‘మీ సభ్యత్వాన్ని గ్రూపు యజమాని తొలగించారు.’

కారు వచ్చి పక్కన ఆగింది. తనుశ్రీ అద్దం దించి నవ్వింది. “అలిసిపోయినవ్. ఇంటి దగ్గర దింపుతా. నాకు పెట్రోల్ బంక్‌ల చిన్న పనుంది. నువ్వు ఆటోల పటేల్‌గూడ మలుపు దాకా పోయి నిలబడు. యూటర్న్ తీస్కోని వస్తా.”

“సరే,” అన్నాడు శ్రావణ్. చీఫ్‌కు ‘మలుపు’ అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఆటో ఎక్కాడు.

సమద్ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. వెనక మురికి కాలువ, కాలువ పైన సిమెంటు పలక, ఆ పక్కన తనుశ్రీ ప్లాట్ల ప్రకటన బోర్డు. కొంతసేపటికి ఫోను మోగింది.

“ఉప్పు నిజమే,” అంది చీఫ్. “జోగిపేట రోడ్డులో తొమ్మిదిమంది దొరికారు. విదేశీయుడు కూడా ఉన్నాడు. నీ దగ్గరికి వ్యాన్లు—”

మిగతా మాట ఇంజను రొదలో పోయింది. బురద పూసిన నంబరు ప్లేటు ఒక్కటే అతని కళ్లకు కనిపించింది. పలక మీదుగా వెనక్కి దూకాడు. లారీ అతను నిలబడ్డ నేలను తొక్కుకుంటూ పోయి బోర్డును గుద్ది, కాలువలోకి ఒరిగింది. రెండు పోలీసు వ్యాన్లు దారి మూసేశాయి.

మూడో వ్యాను తనుశ్రీ కారును బంక్ దగ్గరే ఆపింది. ఆమెను మలుపు దగ్గరికి తీసుకొచ్చేసరికి శ్రావణ్ మోచేతికి అంటిన రక్తం తుడుచుకుంటున్నాడు.

“ఎట్ల తెలిసింది?” అని అడిగింది ఆమె.

“పని షురూ కాకముందే భాయ్ పేరు కొట్టేసినవ్.”

తనుశ్రీ నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తడిని నమ్మాలో వద్దో అతనికి ఇక తెలీదు.

“భాయ్ మంచోడు శ్రావణ్. కావాలని కాదు. వాళ్లు అడిగిన్రు.”

“వాళ్లమ్మ చెయ్యి గంటసేపు పట్టుకున్నవ్,” అన్నాడు.

సాక్ష్యానికి ఫోను ఇచ్చేముందు ఆటను చివరిసారి తెరిచాడు. అకౌంటు మూసెయ్యమన్నాడు. ‘మీరు వెళ్లిపోవడం మాకు బాధగా ఉంది. కారణం చెప్పండి’ అని అడిగింది ఆట. ధర ఎక్కువ. విసుగొచ్చింది. స్నేహితులు ఆడటం లేదు. ఇతర కారణాలు.

శ్రావణ్ నాలుగూ ఓపిగ్గా చదివి, మూడోదాని మీద వేలు పెట్టాడు.

‘మీ స్నేహితులను తిరిగి రప్పించండి, ఒక నెల ఉచితం’ అంది ఆట.