లేని స్పీకరు

ఏలూరులో హోమ్ థియేటర్ పెట్టించుకున్నవాళ్లని ఎవర్నైనా అడగండి, కాలేషా చాదస్తం గురించి ఏదో ఒక కథ చెబుతారు. స్పీకరు ఎంత ఖరీదుదైనా సరే, దానికి తగిన ఆంప్లిఫయర్, అదే రిసీవరు, దొరికేదాకా వైరు కలపడు. పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తాడు. షాపుకొచ్చిన ప్రతి స్పీకర్నీ మీటరు పెట్టి కొలిచి, వెనకాల తెల్ల టేపు ముక్క అంటించి, నాలుగు ఓమ్సో ఎనిమిది ఓమ్సో అంకె వేసి, పక్కన ‘కా’ అని సంతకం పెడతాడు. నాలుగుది కరెంటు ఎక్కువ లాగుతుంది. దాన్ని ఎనిమిదికి మాత్రమే సరిపోయే చిన్న రిసీవరుకి తగిలించారో, అది కాలి కూర్చుంటుంది. బిగించేవాళ్లు ఆ టేపు మీది అంకెనే నమ్ముకుని పని చేస్తారు.

షాపు కృష్ణమోహన్‌ది, పనితనం కాలేషాది. ఇరవై ఏళ్ల జత. కాలేషా దగ్గరే పని నేర్చుకుని, అన్నా అన్నా అంటూ తిరిగిన జీవరత్నం పోయిన వానాకాలం చనిపోయాడు. కాలేషా అప్పుడు జంగారెడ్డిగూడెంలో పని మీద ఉన్నాడు. కొల్లేటి రోడ్డు మీద బండి జారిందని కృష్ణమోహన్ ఫోన్ చేసి మరీ ఏడ్చాడు. వచ్చి పలకరించబోతే జీవరత్నం భార్య మెర్సీ మొహాన తలుపేసింది. దుఃఖంలో ఉంది పాపం అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఈ వానాకాలంలో ఒకరోజు కృష్ణమోహన్ ఏదో పెళ్లికని తాడేపల్లిగూడెం వెళ్లాడు. ఆకివీడు అవతల చేపల చెరువుల మధ్య ఇంటి నుంచి రత్నమాణిక్యం అనే ఆవిడ షాపుకి ఫోన్ చేసింది. రిసీవరు దానంతటదే ఆగిపోతోందండీ, కాస్త ఎవర్నైనా పంపండి అంది. కాలేషాయే బయల్దేరాడు.

మధ్యాహ్నం రెండయింది. ముసురు. చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి, గాలంతా చేపల మేత వాసన. రత్నమాణిక్యం గారు మంచినీళ్లిచ్చి మేడ మీద గది చూపించింది. కిటికీల్లేని గది. గోడలకీ పైకప్పుకీ నల్ల స్పాంజి. మందపాటి తలుపు కాస్త దగ్గరికి వేసేసరికి వాన చప్పుడు ఆగిపోయింది. పట్టపగలే చిమ్మచీకటి. కొత్త స్పాంజి వాసన కింద ఇంకేదో పాత వాసన... కాలిన వైరుది.

టార్చి వేసి ఎడమ స్పీకరు వెనక్కి వంగాడు. టేపు మీద 8, పక్కన ‘కా’. ఆ అంకె చూసి ఆగిపోయాడు. ఎనిమిదిని రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాసే మనిషి అతనికి తెలిసి ఒక్కడే. షాపులో అట్టపెట్టెల మీద ఇరవై ఏళ్లుగా చూస్తున్న రాత. గోటితో టేపు అంచు లేపాడు. కింద ఇంకో టేపు. దాని మీద 4. అది తన చెయ్యి.

"ఇది బిగించింది ఎవరండీ?" అన్నాడు మెల్లగా.

"జీవరత్నం అని ఒకతనండీ. ఈ గదిలోనే కదండీ పోయాడు." గుమ్మంలోంచి ఆవిడ అతన్ని వింతగా చూసింది. "మీకు తెలీదా? మీ పేరేంటండీ?"

"కాలేషా."

ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. "మీరేనా... మీరు తప్పు అంకె వేయబట్టే రిసీవరు అంటుకుందని కృష్ణమోహన్ గారు చెప్పారండీ. బయటికి పొక్కితే మీరు జైలుకెళ్తారు, మీ పిల్లలు అన్యాయమైపోతారు, బండి జారిందనే అందాం అని మమ్మల్నీ, జీవరత్నం భార్యనీ ఒప్పించారు. ఈ రిసీవరూ, ఈ స్పాంజీ తర్వాత ఆయనే మార్పించారు, స్పీకర్లకేం కాలేదని అవి వదిలేశారు."

"తలుపు... తీయలేదాండీ ఎవరూ?"

"చెమ్మకి ఉబ్బి ఇరుక్కుపోయిందండీ. మైకు పెట్టి స్పీకర్ల దూరం కొలిచేటప్పుడు తలుపు తీయకూడదని మీ వాళ్ల పద్ధతి కదా. స్పీకర్లలోంచి ఠక్ ఠక్‌మని వస్తుందని ముందే చెప్పాడు. అతను తలుపు బాదుతుంటే, ఆ కొలతల చప్పుడే అనుకున్నామండీ." కళ్లు తుడుచుకుంటూ ఆవిడ కిందికి వెళ్లిపోయింది.

కాలేషాకి ఇప్పుడు అర్థమైంది. చవక రిసీవరు అంటగట్టడానికి కృష్ణమోహనే అంకె మార్చాడు. మనిషి పోతే ఆ పాపం తన నెత్తిన రుద్దాడు. రోజూ పొద్దున్నే తనతో టీ తాగుతూ, నవ్వుతూ... నమ్మించి గొంతు కోశాడు కృష్ణమోహన్. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఆ పొగలో జీవా చివరిదాకా తిట్టుకున్నది తననే. ఈ రెండు టేపులూ మెర్సీకి చూపించాలి. ఇంకేం అక్కర్లేదు.

మోకాళ్ల మీద కూర్చుని, టేపులు చిరగకుండా జాగ్రత్తగా ఒలుస్తున్నాడు. వెనకాల తలుపు మూసుకుంది.

టీవీ తెర వెలిగింది. మైకు ఇంకా అతని సంచిలోనే ఉంది.

ఠక్. ఎడమ స్పీకరు. తెర మీద దూరం పడింది. ఠక్. మధ్యది. ఠక్. కుడి. పక్కలవి రెండూ. ఉన్నవన్నీ అయిపోయాయి. అప్పుడు కింద ఇంకో వరుస వచ్చింది.

వెనక స్పీకరు: రెండు మీటర్లు.

వెనక స్పీకరే లేదు. అక్కడుంది ఖాళీ గోడ.

ఠక్... ఒక మీటరు.

పొగ వాసన. మెడ మీద వేడి.

"జీవా..." అన్నాడు. "అది నా రాత కాదురా. కిందది చూడు... కింద టేపు చూడు..."

ఠక్... పది సెంటీమీటర్లు.

చెవి పక్కనే, దగ్గు ఆపుకుంటూ ఎవరో అన్నారు. "నిన్నే నమ్మానన్నా..."

కాలేషా వెళ్లి తలుపు మీద పడ్డాడు. పిడికిళ్లతో బాదాడు. అరిచాడు. తలుపు కదల్లేదు. పొగ గొంతులోకి దిగింది. మళ్లీ బాదాడు. ఠక్... ఠక్... ఏది తన చప్పుడో, ఏది స్పీకర్లదో అతనికే తెలియలేదు.

ఎంతసేపో. ఉన్నట్టుండి తలుపు విడింది. వెలుతుర్లోకి బోర్లాపడ్డాడు. ఎదురుగా రత్నమాణిక్యం గారు, చేతిలో టీ గ్లాసు. వెనక గదిలో పొగా లేదు, ఏమీ లేదు. టేపులు మాత్రం గుప్పిట్లో ఉన్నాయి.

"అంతలా బాదుతుంటే ఎందుకు తీయలేదండీ?" అన్నాడు రొప్పుతూ.

"తీయనా అని రెండుసార్లు అడిగాను కదండీ. వద్దండీ, ఇంకొకటి మిగిలుంది అన్నారు లోపల్నుంచి."

"నేననలేదు."

ఆవిడ గ్లాసు గుమ్మం పక్కన పెట్టేసింది. అతని మొహం వంక చూసింది.

"ఆ రోజు కూడా అడిగానండీ, ఎవరికీ చెప్పలేదు. లోపల్నుంచి వద్దండీ అన్నారు. అది జీవరత్నం గారే అనుకున్నాను ఇన్నాళ్లూ." గొంతు తగ్గించింది. "కాదండీ. ఆ రోజు విన్న గొంతూ మీదే."