సిపాయి వాటా

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే మస్తానమ్మ పలకను సంచిలో పడేసి సముద్రం వైపు పరుగు తీసింది. ఇసుక కాళ్లను కాలుస్తోంది. అయినా ఆగలేదు. ఆలస్యమైతే వాటాలు అయిపోతాయి.

ఒడ్డున పెద్ద వలను అప్పటికే పైకి లాగేశారు. నెత్తళ్ల చేపలు కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటి వేలెడంత, వెండిలా మెరుస్తున్నాయి. చిన్నపోలయ్య తాత కుప్ప ముందు గొంతుకూర్చుని, చిన్న బుట్టతో కొలిచి వాటాలు పెడుతున్నాడు. ఆ పాలెంలో అది ఆయన పని. ఒక్కో వాటా ఇసుక మీద పోసి, అది ఎవరిదో వాళ్ల పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచాక ఆ కుప్ప వాళ్లది. పిలవని కుప్పను ఎవరూ ముట్టరు.

"పడవకు. వలకు. వెంకయ్యకు."

వెంకయ్య మస్తానమ్మ నాయన. ఆయన తన కుప్పను గంపలోకి ఎత్తుకున్నాడు. వల లాగిన వాళ్లందరి పేర్లూ అయ్యాక తాత చేతులు దులుపుకున్నాడు.

"తాతా, సిపాయికి?" అంది మస్తానమ్మ, రోజూ లాగే.

అక్కడున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సిపాయి మస్తానమ్మ వాళ్ల కుక్క. ఒడ్డున తాటాకు చాపల మీద చేపలు ఎండబెడితే, ఎనిమిదేళ్లు వాటికి కాపలా కాసింది. కాకిని వాలనిచ్చేది కాదు. కాపలా కాసినందుకు మనుషుల్లాగే దానికీ రోజూ ఒక వాటా ఉండేది. గుప్పెడు చేపలు. ఇరవై రోజుల క్రితం చేపలతో పాటు వలలో ఒక సముద్రపు పాము వచ్చింది. చూసుకోకుండా పిల్లలు వల దగ్గరికి పోతుంటే, సిపాయి దూకి ఆ పామును నోట కరిచింది. సాయంత్రానికి సిపాయి లేదు.

"అది చచ్చిపొయ్యి ఇరవై దినాలాయ గదమ్మా, ఇంకెన్నాళ్లు పెట్టేది?" అన్నాడు తాత.

"అయితే? దాన్ని పాము యాడ కరిచింది? ఈ ఒడ్డున పని చేస్తా ఉంటేనే గదా. దాని వాటా పెట్టు."

"ఈ పిల్ల నోటికి తాళం వెయ్యవా వెంకయ్యా?" అన్నారెవరో.

వెంకయ్య గంప నెత్తికెత్తుకున్నాడు. తాత పడవ కుప్పలోంచి గుప్పెడు తీశాడు.

"సిపాయికి," అని పిలిచాడు.

మస్తానమ్మ ఆ గుప్పెడూ పావడా ఒడిలో పోసుకుని సరుగుడు తోపుకు నడిచింది. సిపాయిని పాతిపెట్టింది అక్కడే. ఆ చోటు పక్కనే చిన్న గుంత తవ్వి చేపలు పోసి, ఇసుక కప్పడం మొదలుపెట్టింది. రోజూ ఇదే పని.

వెనక నుంచి సమాధానం అనే పిల్లాడు వచ్చాడు. వాడు ఆమెతో పాటే నాలుగో తరగతి.

"చచ్చిపోయిన కుక్క చేపలు తింటాదా మే?"

"నీకెందుకు?"

"నిన్న నువ్వు పూడ్చినవన్నీ ఎండ్రకాయలు తినేసినాయి. ఇదో, బొక్క చూడు."

"తింటే తిననీ. నేను పెట్టేది సిపాయికి."

"మీ ఇంట్లో కుక్కపిల్ల ఉండాది గదా. దానికి పెడితే అదన్నా తింటాది."

"అది మా కుక్క కాదు. మా నాయన తెచ్చినాడు. నేను తెమ్మనలేదు."

"ఇంట్లో ఉంటే మీదే గదా?"

"మీ ఇంట్లో ఎలకలుండాయి. అవి నీయా?"

సమాధానం తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ కుక్కపిల్లను వెంకయ్య నాలుగైదు రోజుల కిందట కాలవ దగ్గర నుంచి తెచ్చాడు. కాలవలో ఉప్పు పడవ నడిపే హజరత్తయ్య ఇచ్చాడు. ఎర్రమట్టి రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకొకటి వాలిపోతుంది. దాన్ని ఇంటి పక్క గుంజకు తాడుతో కట్టారు. మస్తానమ్మ కనబడితే చాలు, తోక ఊపడం మానేసి ఒళ్లంతా ఊపేది. మస్తానమ్మ మాత్రం అరుగెక్కి కాళ్లు పైకి ముడుచుకునేది.

"దానికి పేరన్నా పెట్టు మే," అంది ఆ సాయంత్రం అవ్వ రాఘవమ్మ, గంజి ముంత దాని ముందు పెడుతూ. "ఎన్నిసార్లని 'ఇదో, ఇదో' అని పిలిచేది?"

"పేరు పెడితే ఉండిపోతాది. ఉండొద్దు."

"సిపాయి ఇంగ రాదు పాపా," అన్నాడు వెంకయ్య.

"రాదని నాకూ తెలుసు. అందుకని దాని చోట్లో ఇంకోదాన్ని కూచోబెడతావా? రేపు నేను లేకపోతే ఉప్పు పడవ మీద ఇంకో పిల్లను తెస్తావా?"

వెంకయ్యకు నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి వల బాగు చేసుకోవడానికి పోయాడు.

కుక్కపిల్ల గంజి ఒక్క గుక్కలో తాగేసింది. ముంత నాకింది. ముంత కింద ఇసుక కూడా నాకింది. మస్తానమ్మ అటు చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె బడి నుంచి వచ్చేసరికి ఒడ్డున జనం మూగి ఉన్నారు. వల ఇంకా నీళ్లలోనే ఉంది. అందరూ చూస్తున్నది వలను కాదు, పక్కింటి కామాక్షమ్మత్త చాపను.

చాప సగం తలకిందులై ఉంది. రెండు రోజులు ఎండిన నెత్తళ్లు ఇసుకలో కలిసిపోయాయి. సగం కనబడటమే లేదు. పక్కనే ఒక గంప బోర్లించి ఉంది. దాని మీద పెద్ద రాయి. గంప లోపలి నుంచి కూఁ కూఁ అని చప్పుడు వస్తోంది.

"తాడు కొరికేసుకుని వచ్చింది మీ దొంగ," అంది కామాక్షమ్మ. "నేను నీళ్లకు పొయ్యి వచ్చే లోపల నా చాపంతా తిని, తొక్కి, దొర్లింది. సిపాయి ఉన్నన్నాళ్లు నా చాప మీద ఒక్క చేప తోక పోలేదు."

"అది సిపాయి కాదు గదత్తా," అంది మస్తానమ్మ.

"కాదనే నేనూ చెప్పేది. సాయంత్రం ఉప్పు పడవ వస్తాది. హజరత్తయ్య కుక్క హజరత్తయ్యకు ఇచ్చేస్తాను. నీకూ అదే గదా కావాల్సింది?"

మస్తానమ్మకు కావాల్సింది అదే. వారం నుంచీ అదే. అవునని చెప్పబోయి గంప వైపు చూసింది.

జనం కదిలాక గంప దగ్గర కూర్చుంది. అల్లిక సందుల్లోంచి తడి ముక్కు ఒకటి బయటికి వచ్చింది. ఊరికే వేలు పెట్టి చూసింది. కుక్కపిల్ల ఆ వేలు నాకింది. ఆగకుండా, గోరు కింద కూడా వదలకుండా నాకింది. నిన్న సిపాయి చేపలు పూడ్చిన వేలు అది. ఇంకా వాసన ఉందేమో.

మస్తానమ్మ వంగి లోపలికి చూసింది. గంప సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దాని మీద పడుతోంది. వాటి కింద పక్కటెముకలు కూడా గీతల్లాగే కనిపించాయి.

లేచి నేరుగా అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, సిపాయి చిన్నప్పుడు చేపలు దొంగతనం చేసిందా?"

"చెయ్యకుండా ఉంటాదా? దీనికన్నా పెద్ద దొంగ. నాలుగిళ్ల వాళ్లు మా మీద కొట్లాటకు వచ్చినారు."

"మళ్లా ఎట్టా మానేసింది?"

"మీ తాత బతికున్నప్పుడు ఆయనే మానిపించినాడు. రోజూ దాని వాటా తెచ్చి, చాప పక్కనే కూచోబెట్టి, చేత్తో ఒక్కో చేప పెట్టినాడు. కడుపు నిండేదాకా పెట్టినాడు. చేతిలోది నీది, చాప మీదది నీది కాదు. అంతే. నెల పట్టింది."

"మరి దీనికెందుకు పెట్టలేదు?"

అవ్వ చేట కింద పెట్టింది. "ఏం పెట్టమంటావు? కుక్కకొచ్చేది దినానికి గుప్పెడు. ఆ గుప్పెడు యాడికి పోతుండాదో నన్నడుగుతావా?"

మస్తానమ్మకు ఎండ్రకాయల బొక్కలు గుర్తొచ్చాయి. ఖాళీ ముంత గుర్తొచ్చింది. కళ్లు మండాయి. పావడాతో గట్టిగా తుడుచుకుని బయటికి నడిచింది.

అప్పటికి వల ఒడ్డుకు వచ్చింది. చిన్నపోలయ్య తాత వాటాలు పెడుతున్నాడు. పడవకు, వలకు, మనుషులకు అయ్యాయి. మస్తానమ్మ అడగకముందే ఆయన గుప్పెడు తీసి చెయ్యి ఎత్తాడు.

"సిపా..."

"సిపాయికి ఒద్దు తాతా."

తాత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మరి ఎవురికి?"

"ఆ గంప కింద ఉండేదానికి."

"దానికా?" కామాక్షమ్మ చీర కొంగు దోపుకుంటూ ముందుకు వచ్చింది. "నా చాప నాశనం చేసినందుకు ఇనామా?"

"దాని తప్పు కాదత్తా. దాని వాటా నేను ఇసకలో పూడ్చినాను. వారం దినాలు. ఆకలేసి నీ చాప మీదికొచ్చింది. కొడితే నన్ను కొట్టు. పడవెక్కించాలంటే నన్నెక్కించు."

"నిన్నెక్కిస్తే హజరత్తయ్య పడవ వదిలేసి కాలవలో దూకి పారిపోతాడు."

అందరూ నవ్వారు. మస్తానమ్మ నవ్వలేదు. పక్కకు జరగలేదు కూడా.

"నీ నెత్తళ్లు పోయినాయి. నిజమే. పది దినాలు నీ చాప నేను కాస్తాను. పొద్దున బడి గంట కొట్టేదాకా, మళ్లా బడి వదిలినాక."

"నువ్వు బడిలో ఉన్నప్పుడు కాకులు కూడా బడికి పోతాయా?"

"అప్పుడు మా అవ్వ కాస్తాది."

"నన్నెందుకు ఇరికిస్తావు మే?" అంది ఒడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోంచి రాఘవమ్మ. కానీ కాయనని మాత్రం అనలేదు.

కామాక్షమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆ పిల్లను పైనించి కిందికి చూసింది.

"పది కాదు, పదిహేను," అంది.

"సరే."

"మళ్లా నా చాప మీద నోరు పెడితే?"

"ఒకటి తింటే మా చాప మీదినించి రొండు తెచ్చి నీ చాప మీద పెడతాను."

తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన చెయ్యి అప్పటిదాకా అలాగే ఎత్తి ఉంది. "మీ బేరాలు తర్వాత. నా చెయ్యి నొప్పెడతా ఉండాది. ఏ పేరుతో పిలవాల? పేరు లేనిదానికి నేను వాటా పెట్టను. మా నాయన నాటినించీ అంతే."

ఒడ్డంతా ఆమె వైపు చూసింది. మస్తానమ్మ గంప వైపు చూసింది. సందులోంచి తడి ముక్కు ఇంకా బయటికే ఉంది.

"గంపయ్య," అంది.

ఈసారి వల లాగినవాళ్లు కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు. "అదేం పేరు మే? నా గంప పేరా?" అంది కామాక్షమ్మ.

"నవ్వేవాళ్లు నవ్వండి. పిలువు తాతా."

తాత నవ్వలేదు. వాటాలు పెట్టేటప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వడు.

"గంపయ్యకు," అని పిలిచి, గుప్పెడు చేపలు ఇసుక మీద పోశాడు.

పిలిచాక అది గంపయ్యదే. ఇంక ఎవరూ ఏమీ అనడానికి లేదు. కామాక్షమ్మ తనే వెళ్లి గంప మీది రాయి తీసింది.

సాయంత్రం ఉప్పు పడవ వచ్చింది, పోయింది. మస్తానమ్మ వట్టి చేతులతో సరుగుడు తోపుకు వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చింది.

మరుసటి రోజు పొద్దున్నే కామాక్షమ్మ చాప పక్కన ఇద్దరు కూర్చున్నారు, మస్తానమ్మ, గంపయ్య. ఆమె ఒక్కో చేపా అరచేతిలో పెట్టి చూపించింది. గంపయ్య చేపతో పాటు వేళ్లు కూడా మింగబోయింది. ఆరు చేపలు చేతిలోంచి తిన్నది. ఏడోది చాప మీద నుంచి లాక్కుంది.

"కాదు," అంది మస్తానమ్మ. లేచి వెళ్లి, తమ చాప మీద నుంచి రెండు తెచ్చి అత్త చాప మీద పెట్టింది. వచ్చి మళ్లీ కూర్చుంది.

కొంచెంసేపటికి కాకి వాలింది. గంపయ్య దాన్ని తరమబోయి, తన కాళ్లకు తనే తట్టుకుని పడింది. కాకి దాని ఎదుటే ఒక చేప ముక్కున కరుచుకుని తీరిగ్గా ఎగిరిపోయింది.

బడికి పోతూ సమాధానం ఆగి చూశాడు.

"ఇది సిపాయి లాగా ఎప్పటికీ కాదు మే."

"సిపాయి లాగా ఎందుకు కావాల? ఇది గంపయ్య," అంది మస్తానమ్మ. "నువ్వు పో. నేను గంట కొట్టినాక వస్తాను."

ఇంకో చేప తీసి అరచేయి చాచింది.