అన్నయ్య ముద్ద

2007 జూన్‌లో మూడో సంవత్సరం పరీక్షలు అయిపోయాక, పదకొండు మందిమి బిష్కెక్‌లో వ్యాన్ మాట్లాడుకుని ఇస్సిక్‌కుల్ సరస్సు చూడ్డానికి బయల్దేరాం. అందరం కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లమే. బెజవాడ గవర్నర్‌పేటలోని ఒకే కన్సల్టెన్సీ మమ్మల్ని ఎంబీబీఎస్‌కని కిర్గిజ్‌స్థాన్ పంపింది. వ్యాన్ నిండా పాటలు, పులిహోర, ప్రణవ్ జోకులు. ప్రణవ్ వాళ్ల నాన్నగారు సత్యనారాయణపురంలో లెక్కల మాస్టారు. ఇంట్లో కోడిగుడ్డు కూడా ఎరగని ప్రణవే మా అందరికీ వంటవాడు.

కిటికీలోంచి కొండలు కనబడుతున్నాయి. పైన మంచు, కింద గడ్డి, గడ్డిలో గుర్రాలు. నా రూమ్మేట్ హేమ భుజం తట్టి తట్టి చూపించింది. చూశాను. బాగానే ఉన్నాయి. అప్పటికి ఏడు నెలలుగా నాకు ఏది బావుందో, ఏది బాలేదో తెలియడం మానేసింది.

నవంబర్‌లో మా అన్నయ్య శివాజీ సముద్రంలో పోయాడు. మాది బందరు దగ్గర గిలకలదిండి. వేటకెళ్లిన బోటు తిరిగొచ్చింది, అన్నయ్య రాలేదు. శవం కూడా దొరకలేదు. నాకు పరీక్షలని ఇరవై రోజుల దాకా ఇంట్లోవాళ్లు చెప్పలేదు. చెప్పినరోజు ఫోన్ పెట్టేసి, నూడుల్స్ చేసుకుని తిన్నాను. ఏడుపు రాలేదు. రప్పించుకోవాలని కూడా చూశాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. సముద్రంలో పోయి ఒడ్డుకి చేరనివాడికి ఇంటివాళ్లు ఒక్కొక్కరూ తమ చేత్తో చేపల పులుసు కలిపిన అన్నం ముద్ద ఉప్పునీళ్ల అంచున పెట్టాలి. పేరు పెట్టి పిలిచి 'తినిపో' అనాలి. వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. అందరి ముద్దా అందితేగానీ పోయినవాడు గడప వదలడంటారు. అమ్మా నాన్నా పెట్టారు.

"నీ ముద్ద ఒక్కటే మిగిలిపోయిందే," అనేది అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా. "పొద్దుగూకితే వచ్చి తలుపు దగ్గర నించుంటన్నాడు. తడి వాసనొస్తంది."

సరస్సు సముద్రంలాగే ఉంది. అవతలి ఒడ్డు కనబడదు, దూరంగా మంచు కొండలు మాత్రం నీళ్లలోంచి లేచినట్టుంటాయి. ఒడ్డంతా గులకరాళ్లు. అడుగేస్తే కరకరమంటున్నాయి. హేమ దోసెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది.

"ఉప్పగా ఉన్నాయే," అంది.

నేనూ నాలిక మీద వేసుకుని చూశాను. మా సముద్రమంత కాదుగానీ, ఉప్పే. ఉప్పునీళ్లు ఎక్కడైనా ఉప్పునీళ్లే కదా అనుకున్నాను.

జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదవుతున్నా పూర్తిగా చీకటి పడదు. బస చేసిన ఇంటి పెరట్లో అందరూ మంట వేసుకుని కూర్చున్నారు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోని ఎండు చేపలతో పులుసు కాచాను. ప్రణవ్ ముక్కు మూసుకుని నా గిన్నెలో అన్నం పెట్టాడు.

"గిన్నె పట్టుకుని ఎక్కడికండీ? డాక్టరమ్మగారు ఒక్కరే తినేస్తారా?" అన్నాడు.

హేమకి మాత్రం సంగతి చెప్పాను. తోడొచ్చింది. వెనక్కి చూడొద్దంటే తలూపింది.

ముద్ద రాళ్ల మీద పెట్టాను. పేరు పెట్టి పిలవాలి. నోరు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని పేరు పెట్టి పిలిచిందే లేదు. కిందటి సెప్టెంబర్‌లో బెజవాడ స్టేషన్లో నన్ను ఢిల్లీ రైలెక్కిస్తూ, ఈ ఎండు చేపల డబ్బానే ఒళ్లో పెట్టి, "డాక్టరుగారయ్యాక మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారేమోనండీ," అని ఏడిపించాడు. ఛ, నేనెందుకు పిలుస్తానన్నాను. మళ్లీ అన్నయ్యని చూడలేదు.

"అన్నయ్యా," అన్నాను. "తినిపో."

తిరిగి నాలుగడుగులు వేశాం. వెనక నీళ్లు కదిలాయి... అల కాదు. లోతులోంచి ఎవరో లేచి నిలబడితే ఒంటి మీంచి నీళ్లు కారే చప్పుడు. ఆ తర్వాత గులకరాళ్లు. కరక్... కరక్... తడిసిన ఉన్ని వాసన వచ్చింది. భయం వెయ్యాలి. వెయ్యలేదు. వచ్చాడు అనుకున్నాను, అంతే.

హేమ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. చూసేసింది.

"దుర్గా..." గుసగుసగా అంది. "మీ అన్నయ్య బాగా పొడుగా?"

"కాదే. నా అంతే ఉంటాడు."

కరక్... కరక్...

"అయితే నడు. ఆగకు."

ఏం చూసిందో హేమ ఇప్పటికీ చెప్పలేదు. తెల్లారి వెళ్లి చూస్తే ముద్ద లేదు.

బిష్కెక్ చేరాక ఇంటికి ఫోన్ చేసి, ముద్ద పెట్టానని చెప్పాను.

"పేరు పెట్టి పిలిచావా?" అంది అమ్మ.

"పిలిచాను."

"మరి రాత్రి కూడా వచ్చాడేంటే," అంది.

అప్పుడర్థమైంది. ఆ సరస్సులో పోయిన ఎవరికో ఒక చెల్లెలు ఉండే ఉంటుంది. పేరు లేని పిలుపుకి వాడు పలికాడు. నా చేతి ముద్ద వాడు తిన్నాడు.

మరుసటి ఏడు సెలవుల్లో ఇంటికెళ్లాను. దిగిన సాయంత్రమే అమ్మని తీసుకుని ఒడ్డుకి వెళ్లాను. ముద్ద పెట్టాను.

"శివాజీ," అన్నాను. "శివాజీ, తినిపో."

ఏడాదిన్నర తర్వాత ఏడుపొచ్చింది. అన్నయ్య పోయాడని అప్పుడే తెలిసినట్టు ఏడుస్తూ వెనక్కి తిరిగాను. వెనక నీళ్లు కదిలాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చాడే... తింటన్నాడు. చూడకు," అంది. ఆమె ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నా ఏడుపు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి మా తలుపు దగ్గరికి ఎవరూ రావట్లేదు. కొడుకు కడుపు నిండిందని అమ్మ వాడంతా చెప్పుకుంది. రాత్రిళ్లు హాయిగా నిద్రపోతోంది. నేను విన్నది ఆమెకి చెప్పలేదు. చెప్పను కూడా.

మా ఒడ్డంతా బురద, ఇసుక. వెతికినా ఒక్క రాయి దొరకదు. ఆ సాయంత్రం ముద్ద దగ్గరికి నడిచొచ్చిన అడుగులు మాత్రం గులకరాళ్ల మీద పడ్డాయి. కరక్... కరక్...

నా ముద్ద ఈసారీ ఆ సరస్సువాడే తిన్నాడు, అన్నయ్యకి అందలేదు. అందకుండానే గడప దగ్గరికి రావడం ఎందుకు మానేశాడో నాకు తెలియదు.